ఇంటి చదువు – కళాశాల ప్రవేశము

ఇంటివద్ద చదివిన వారికి కళాశాలలో చోటు లేదన్న మాట మన బేగంపేటలో నేటికీ వినవచ్చుచున్నది. దానిని నమ్మి ఎందరో బాలికలు పుస్తకము మూసివేయుచున్నారు.

ఇంగ్లీషు మాధ్యమమును నిరసించి చిన్ననాడే బడి మానిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, తరువాత స్వయంగా చదివి బెనారస్ మెట్రిక్యులేషన్ నెగ్గి, 1942లో న్యాయశాస్త్ర పట్టము పొందినారు. మద్రాసులో 1937లో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ ఇతర స్త్రీలను అదే పరీక్షకు సిద్ధపరచినది.

నేడు అట్టి ద్వారము సార్వత్రిక పాఠశాల. 1989లో ఏర్పడిన జాతీయ సంస్థలో 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతికి, పది నెగ్గి 15 నిండినవారు ఇంటర్ స్థాయికి చేరవచ్చును. పదవ తరగతికి ఉర్దూ, తెలుగు మాధ్యమములు కలవు. గడువు ఐదేండ్లు, నెగ్గిన విషయము మరల వ్రాయనక్కరలేదు.

సిద్ధపడువారు గమనింపవలసినవి:

1. పేరు, పుట్టినతేది అన్ని పత్రములలో ఒకే విధముగా నుండవలెను. ఉర్దూ పేరును ఇంగ్లీషులో రెండు విధముల వ్రాసినచో ప్రవేశమునాడు చిక్కు తప్పదు.

2. కోరిన డిగ్రీని ముందు నిర్ణయించి, దానికి తగిన విషయములనే ఇంటరులో ఎన్నుకొనవలెను.

3. ఇంట నోటితో చెప్పిన జవాబు చాలదు. గడియారము ఎదుట పెట్టుకొని వ్రాసి చూడవలెను.

సోదర విద్యార్థులారా! వారమునకొక సాయంకాలము ఇట్టి వారి దరఖాస్తులు నింపి, జవాబులు దిద్దుడు. అందుకొక గది నిచ్చుటకు కళాశాల సంఘమువారు సమ్మతింతురుగాక!