నదీముఖములందలి మేట: తవ్విన మట్టి ఎక్కడ వేయవలెను?

ఓడకు లోతు కావలెను. పీతకు, రొయ్యపిల్లకు లోతులేని బురద కావలెను. ఈ రెండు అవసరములును ఒకే నదీముఖమున ఎదురుపడుటచేత చిక్కు కలుగుచున్నది. భోగాపురము మొదలగు తీరమండలముల పంచాయతీ సభ్యులు దీనిని ఇంజనీర్ల వ్యవహారమని వదలివేయరాదని మా అభిప్రాయము. తవ్విన మట్టి పడినచోటును బట్టి గ్రామపు వేట, బావినీరు, ఒడ్డు కూడ మారిపోవును.

ముందుగా మేట ఎట్లు ఏర్పడునో చూతము. మన ప్రాంతమున చంపావతి కోనాడ వద్దను, గోస్తనీ నది భీమునిపట్నము వద్దను సముద్రమున కలియుచున్నవి. వానకాలమున ఇవి తూర్పుకనుమల మట్టిని మోసికొనివచ్చును. మంచినీరు ఉప్పునీటితో కలియగానే సన్నని బంకమట్టి రేణువులు ఒకదానినొకటి అంటుకొని, బరువెక్కి, అడుగునకు దిగును. ఇది మొగకు లోపలి అడుసు. వెలుపలిది వేరు, అది సముద్రము తెచ్చిన ఇసుక. నైరుతి ఋతుపవన కాలమున అలలు ఇసుకను ఒడ్డువెంబడి ఉత్తరమునకు త్రోయును. ఈశాన్య ఋతుపవన కాలమున కొంత వెనుకకు మరలును. సంవత్సరమునకు లెక్క చూచినచో ఉత్తరపు నడకయే అధికము. వేసవిలో నదిలో నీరు తగ్గినప్పుడు ఈ ఇసుకయే తిన్నెగా పెరిగి మొగను ఇరుకు చేయును. అడుసు, ఇసుక రెండును తవ్వవలసినవే గాని, రెండింటిని ఒకే తీరున పారవేయుట తప్పు.

ఇందుకు దూరపు నిదర్శనము అక్కరలేదు. విశాఖపట్నమున మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డల నీరు చేరు ఉప్పుటేరునందే ఓడరేవు వెలసినది. 1933 లో రేవు తెరువబడెను. ఇసుక నడకను, అలల తాకిడిని ఆపుటకు జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాత ఓడలను మొగ చెంత ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. కాలువ తవ్విన మట్టితో చుట్టునున్న ఆటుపోటుల పర్రలను పూడ్చి గట్టినేల చేసిరి. ఆ కాలమున పర్ర అనగా పనికిరాని నేల యనియే లెక్క. చేపపిల్లలు పెరుగు పెరడు అదియే యని గుర్తించినవారు తక్కువ. రేవువలన ప్రాంతమునకు కలిగిన మేలు కాదనరానిది. పోయిన పర్ర మాత్రము తిరిగి రాదు.

తరువాత 1970 దశకమున వెలుపలి రేవు కట్టబడినది. దాని అడ్డుగోడలవలన ఉత్తరమునకు పోవు ఇసుక దక్షిణముననే నిలిచిపోసాగెను. ఇసుక రాని ఉత్తరపు ఒడ్డు కోతకు లోనయ్యెను. మద్రాసు రేవు విషయమునను ఇట్లే జరిగినది: దక్షిణమున మెరీనా ఇసుక పెరిగెను, ఉత్తరమున రాయపురము వైపు ఒడ్డు తరిగెను. విశాఖలో దీనికి చేసిన చికిత్స మనము గ్రహింపదగినది. రేవు చెంత ఇసుకను పట్టు గొయ్యియొకటి ఏర్పరచి, అందు చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తీసి, గొట్టములద్వారా ఉత్తరపు ఒడ్డునకు చేర్చుచు వచ్చిరి. అనగా అలలు చేయవలసిన పనిని యంత్రము చేయుచున్నది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను పిమ్మట రామకృష్ణా బీచి ఎంత కోసుకొనిపోయెనో చూచినవారికి ఈ ఇసుక విలువ చెప్పనక్కరలేదు.

హాలెండు దేశమువారు 2011 లో 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుకను తీరమున ఒకేచోట పోసి, దానిని ఇరుప్రక్కలకు పంచు పనిని అలలకే అప్పగించిరి. మనకు అంత ఖర్చు పనికిరాదు. శుభ్రమైన ఇసుకను సముద్రతీరము నుండి శాశ్వతముగా తొలగించరాదను సూత్రము మాత్రము మనకును వర్తించును. నదిపై ఆండ్ర వంటి జలాశయములు కొంత మట్టిని పైననే ఆపుచున్నందున ఈ జాగ్రత్త మరింత అవసరము.

అడుసు సంగతి వేరు. దానిని ఒడ్డున కుప్పగా పోసినచో వానకు కరిగి తిరిగి ఏటిలో పడును; తవ్విన కూలి వృథా యగును. ఊరిన ఉప్పునీరు దగ్గరి బావులకు, వరిమళ్లకు చేరును. మడచెట్ల శ్వాసవేళ్లపై మందముగా పడినచో చెట్లు ఊపిరాడక చచ్చును. నీటిలోనే వదలినచో బురద లేచి గుడ్లను, పిల్లలను కప్పివేయును. కర్మాగారముల చెంత తవ్విన అడుసునందు లోహములు, నూనెలు ఉండవచ్చును గనుక ముందుగా పరీక్ష చేయించి, దోషమున్నచో కట్టడి చేసిన గుంటలలోనే ఉంచవలెను. దోషము లేనిదానిని కోసుకుపోయిన పర్ర అంచులయందు పలుచని పొరలుగా వేసినచో మడ మొక్కలకు నేల యగును.

పంచాయతీకి ఇందు అవకాశమెక్కడ? 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషను ప్రకారము, ప్రజాభిప్రాయ సేకరణ వర్తించు ప్రాజెక్టులకు కనీసము 30 దినములు ముందుగా ప్రకటన ఇయ్యవలెను. నివేదిక సంగ్రహము తెలుగులోను లభింపవలెను. సభకు జిల్లా కలెక్టరు గాని వారి ప్రతినిధి గాని అధ్యక్షత వహింతురు. ఆ సంగ్రహమున సభ్యులు మొట్టమొదట వెదకవలసినది తవ్వెడు పరిమాణము కాదు, పారవేయు స్థలపు పటము. ఆ పటమున వలలు వేయు తావులు, పడవల దారి, మంచినీటి బావులు గుర్తింపబడినవో లేదో ముక్కాము, చేపలకంచేరు వంటి గ్రామముల వేటగాండ్రను కూర్చుండబెట్టి సరిచూడవలెను. వారికి తెలిసినంత నేలమట్టము పటమున ఉండదు.

తీరప్రాంత నియంత్రణ నియమములు సముద్రపుటొడ్డుతో ఆగవు. మిక్కిలి ఎండకాలమున నీటి ఉప్పదనము వేయింట ఐదువంతులుండు చోటువరకు ఏటిలోపలికిని వర్తించును. తవ్వకపు నెలలను గూర్చియు అడుగవలెను. జనవరి మొదలు మన ఇసుక ఒడ్డులకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్ట వచ్చును; గ్రుడ్లు పొదుగుటకు 45 మొదలు 60 దినములు పట్టును. కావున గ్రుడ్లున్న ఒడ్డున ఇసుక పోయు పనిని ఆ కాలము గడచిన పిదపనే పెట్టుకొనుమని సభలో వ్రాతమూలకముగా కోరి, ఆ కోరిక కార్యక్రమపు నివేదికలో చేరినదో లేదో చూచుకొనవలెను.