సందేహాలు – సమాధానాలు: ప్యాకెట్ బయల్దేరిన సమయం

ప్రశ్న: మాది పాశమైలారంలో మందుల కంపెనీ. శుద్ధి చేసిన వ్యర్థజలాల మీటర్ రీడింగులను లైనక్స్ డేటా లాగర్ 4జీ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. సిగ్నల్ పోతే పావుగంట దాకా ప్రోగ్రామ్ ఎర్రర్ చూపదు, కొత్త కనెక్షనూ పెట్టుకోదు. ఎందుకిలా?

జవాబు: జవాబు రాని ప్యాకెట్‌ను లైనక్స్ మళ్లీ మళ్లీ పంపుతుంది. ప్రతిసారీ ఎదురుచూపును రెట్టింపు చేస్తూ 120 సెకన్ల వరకు తీసుకెళ్తుంది. మొదటి ఎదురుచూపు 200 మిల్లీసెకన్లయితే, మామూలు సెట్టింగ్ అయిన 15 ప్రయత్నాల ప్రకారం ఆశ వదులుకోవడానికి 924.6 సెకన్లు పడుతుంది. మీ పావుగంట అదే. సాకెట్‌కు టీసీపీ యూజర్ టైమౌట్ 30,000 మిల్లీసెకన్లు పెట్టండి, అర నిమిషానికల్లా ఎర్రర్ తెలుస్తుంది.

మీ లాగర్‌లో కెర్నల్ ఏ వెర్షనో కూడా చూడండి. ఎంతసేపటిగా జవాబు లేదో లెక్కకట్టాలంటే ప్యాకెట్ ఎప్పుడు బయల్దేరిందో కెర్నల్‌కు తెలియాలి. మెమరీ చాలక ప్యాకెట్ సొంత యంత్రం కూడా దాటకపోతే, పాత కెర్నళ్లలో దానిమీది సమయం సున్నాగా మిగిలిపోయే వీలుండేది. పంపే ప్రయత్నం ఫలించినా, ఫలించకపోయినా సమయం వేయాలని 2019 జనవరిలో గూగుల్ ఇంజినీర్ యూచుంగ్ చెంగ్ మార్పు చేశారు. అది 5.1 వెర్షన్‌లో వచ్చింది. చిన్న మార్పే అయినా చాలా అవసరమైనది.

ప్రశ్న: మళ్లీ పంపాక జవాబొస్తే, అది మొదటి ప్యాకెట్‌కా, రెండోదానికా? – పటాన్‌చెరు విద్యార్థి

జవాబు: మంచి ప్రశ్న. తేల్చలేం కాబట్టి అలాంటి జవాబుతో ప్రయాణకాలం కొలవొద్దని 1987లో ఫిల్ కార్న్, క్రెయిగ్ పార్ట్రిడ్జ్ సూచించారు. 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1323తో టైమ్‌స్టాంప్ పద్ధతి వచ్చింది: పంపినవారు వేసిన సమయాన్నే అవతలి యంత్రం తిప్పి పంపుతుంది. అందుకే మళ్లీ పంపేటప్పుడు కొత్త సమయం వేయాలి. పాతదే ఉంచితే ప్రయాణకాలం లేనంతగా పెరిగినట్టు కనిపించి, తర్వాతి ఎదురుచూపులూ సాగిపోతాయి.

ప్రశ్న: లాగర్ గడియారాన్ని ఎన్‌టీపీ సరిదిద్దితే ఈ లెక్కలు చెడవా? – సంగారెడ్డి

జవాబు: చెడవు. ఈ లెక్కలకు కెర్నల్ వెనక్కి తిరగని వేరే గడియారాన్ని వాడుతుంది. రీడింగ్ మీద వేసే సమయం మాత్రం వేరు. కాలుష్యకారక పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. నక్కవాగు కాలుష్యం చూసిన ఈ ప్రాంతానికి ఆ రీడింగులు ఎంత విలువైనవో వేరే చెప్పాలా? ప్యాకెట్ ఎప్పుడు చేరినా, రీడింగ్ తీసిన సమయాన్నే డేటాలో రాసి పంపండి.