బూడిదదిబ్బల కథ

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, కౌతాళము మండలములో ఉరుకుంద యను గ్రామము కలదు. శ్రావణమాసము వచ్చినంతనే అచ్చటి ఈరన్నస్వామి దర్శనమునకై ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతములనుండి జనులు వేలకొలదిగా తరలివత్తురు. ఆదోని నుండి గాని, ఎమ్మిగనూరు నుండి గాని ఆ దారిని పోవు యాత్రికునకు నల్లరేగడి చేలును, వాని నడుమ ఎవరో గుండ్లను తెచ్చి పేర్చినట్లున్న గుట్టలును కానవచ్చును. ఎద్దుల మెడలలోని గంటల మ్రోతయు, మందలను తోలుకొనిపోవు గొల్లల కేకలును చెవికి సోకును. ఈ దృశ్యము మనకు నిత్యము కనబడునదే. కాని ఈ నేలమీద మనుజుడు పశువులను కాచుట ఎప్పటినుండి సాగుచున్నదో మీరెన్నడైన ఆలోచించితిరా?

విద్యార్థులారా! ఆ సంగతి తెలుపు గ్రంథ మొకటి కలదు. అది తాళపత్రములమీద వ్రాసినది కాదు. రాగిరేకులమీద చెక్కినదియు కాదు. దానిని వ్రాసినవారికి అక్షరములే తెలియవు. ఆ గ్రంథము బూడిదకుప్పల రూపమున నున్నది.

ముందుగా నా అనుభవ మొకటి చెప్పెదను. నేను ఈ ప్రాంతమున ఉపాధ్యాయుడుగా నున్న దినములలో ఒక బాలుడు నల్లని నునుపురాయి నొకదానిని తెచ్చి నా చేతికిచ్చెను. అది అరచేతిలో ఇముడునంత యుండెను. ఒక కొన మొనదేరి, రెండవ కొన పదును పెట్టిన గొడ్డలివలె నుండెను. “అయ్యగారూ, ఇది పిడుగురాయి. పిడుగు పడినచోట దొరకునని మా అవ్వ చెప్పినది” అని వాడు పలికెను. నేను నవ్వి, ఆ రాతిని బల్లమీది కాగితములు ఎగిరిపోకుండ బరువుగా నుంచితిని. చాలకాలము గడచిన పిమ్మట ఒక పుస్తకములో అట్టి రాతి చిత్రమునే చూచితిని. అది పిడుగువలన పుట్టినది కాదు. నాలుగైదువేల యేండ్ల క్రిందట ఒక మనుజుడు డోలరైటు అను నల్లరాతిని చెక్కి, ఇసుకరాతిపై అరగదీసి చేసికొన్న గొడ్డలి. వెంటనే ఆ బాలుని పిలిచి, “ఆ రాయి నీకెక్కడ దొరకినది?” అని యడిగితిని. వాడు తల గోకికొని, “ఎరువుకు తోలిన బూడిదమట్టిలో దొరికెనండి. ఆ మట్టి ఏ దిబ్బదో నాకు తెలియదు” అనెను. నాడే అడిగియుండినచో తెలిసెడిదేమో! నా అజ్ఞానమువలన ఆ గొడ్డలి మూగదైపోయినది.

ఏ దిబ్బ? ఆ బూడిదమట్టి యేమి? అది తెలిసికొనుటయే ఈ పాఠము.

తుంగభద్రా కృష్ణా నదుల పరిసరములలో, అనగా కర్నూలు, అనంతపురము, బళ్లారి, రాయచూరు ప్రాంతములలోను, పూర్వపు మహబూబునగరు జిల్లాలోను అక్కడక్కడ బూడిదదిబ్బలు కలవు. ఇంతవరకు పండితులు గుర్తించినవి నూటికి పైబడినవి. కొన్ని చిన్న మెరకలు. కొన్ని చిన్నగుట్టలంత పెద్దవి. త్రవ్విచూచినచో తెల్లని మెత్తని బూడిదపొరలును, వాని నడుమ కరగి గడ్డకట్టి, గాజువలె మెరయు చిట్టెపుగడ్డలును కనబడును. ఎంతో తీవ్రమైన మంట మండిననేగాని బూడిద ఇట్లు కరగదు.

బళ్లారి నుండి హొసపేట పోవు త్రోవలో, కుడతిని సమీపమున, బూదికనుమ అను చోట ఇట్టి పెద్దదిబ్బ యొకటి కలదు. భీమసేనుడు హిడింబాసురుని చంపి దహింపగా మిగిలిన బూడిదయే అదియని అచ్చటి జనులు చెప్పుకొనెడివారు. అంత బూడిద ఒక సామాన్యమానవుని చితినుండి రాదు గదా! కావున రాక్షసుని తలచికొనిరి. ఈ ఊహను చూచి నవ్వరాదు. కంటికి కనబడినదానికి కారణము వెదకుట మానవస్వభావము. ఆ జనులు తమకు తెలిసిన కథలతో కారణము చెప్పిరి. శాస్త్రజ్ఞులు పరీక్షలతో కారణమును వెదకిరి.

ఆ శాస్త్రజ్ఞులును మొదట తడబడినవారే. న్యూబోల్డు అను సైనికోద్యోగి ఈ దిబ్బలను పరిశీలించి 1843లో ఒక వ్యాసమును ప్రకటించెను. ఇవి అగ్నిపర్వతములనుండి వెలువడినవని కొందరు, ఇనుము కరగించిన కొలుముల చిట్టెమని కొందరు, యుద్ధములలో మడిసినవారిని కాల్చిన చోట్లని మరికొందరు తలచిరి. విజయనగర చరిత్రమును వ్రాసిన రాబర్టు స్యూయెలు సయితము 1899లో వీనినిగూర్చి చర్చించెను.

రాబర్టు బ్రూస్ ఫూటు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ చర్చను సరియైన త్రోవలోనికి త్రిప్పెను. 1863లో మద్రాసు చెంతనున్న పల్లావరములో పాతరాతియుగపు పనిముట్టును కనుగొని, భారతదేశపు ప్రాచీన చరిత్రపరిశోధనకు పునాది వేసిన మహనీయు డితడే. ఇతడు గుట్టలవెంట, వాగులవెంట తిరిగి, బూడిదదిబ్బలలో నునుపు చేసిన రాతిగొడ్డళ్లును, కుండపెంకులును ఉండుటను గమనించెను. ఆ గొడ్డళ్లు వాడినవారు కొత్తరాతియుగపు మానవులు. కావున దిబ్బలును వారివే కావలెను. మరి ఆ బూడిద దేనిది? అది పశువుల పేడ కాలగా మిగిలిన బూడిదయని ఫూటు తేల్చెను.

ఆనాడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో నుండెడివి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు అవి మన రాష్ట్రమున చేరినవి. కావుననే పాతగ్రంథములలో మన సీమ సంగతులు బళ్లారి పేర కనబడును. బెండపూడి సుబ్బారావు అను తెలుగు పండితుడు బళ్లారి చెంతనున్న సంగనకల్లులో త్రవ్వకములు జరిపి, 1948లో బళ్లారిసీమ రాతియుగ సంస్కృతులపై గ్రంథమును ప్రకటించెను.

అయినను పేడయే యనుటకు గట్టి నిదర్శనము కావలెను గదా! లండనులో పనిచేసిన జూనరు అను శాస్త్రజ్ఞుడు ఆ బూడిదను పరీక్షించి, అది పేడనుండి ఏర్పడినదేయని 1959లో ప్రకటించెను. అంతకు రెండేండ్లకు ముందే, 1957లో, ఆల్చిన్ అను పురావస్తుశాస్త్రజ్ఞుడు పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. ఆ త్రవ్వకమున బయటపడినవానిని మనస్సులో చిత్రించుకొనుడు. దుంగలను వరుసగా పాతి దడి కట్టిన గుంటల జాడలు కనబడెను. ఆ దడిలోపల పశువులను కట్టివేసెడివారు. పేడ కుప్పలుగా పెరిగిన పిదప నిప్పు పెట్టెడివారు. దడియు కాలెడిది. మరల క్రొత్తదడి కట్టెడివారు. ఇట్లు పలుమారులు జరిగినది. అన్నింటికంటె ఆశ్చర్యకరమైన దొకటి కలదు: ఆ పొరలలో ఆవుల గిట్టల గుర్తులు చెక్కుచెదరక నిలిచియుండెను! వేలయేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము దొడ్డిలోనికి వచ్చిన పశువుల అడుగుజాడలవి. రాజుల పేరులెన్నో నశించిపోయినవి. ఆ ఆవుల అడుగుజాడలు మాత్రము నిలిచినవి.

ఆ కాల మెంతయో ఎట్లు తెలిసినదని మీరడుగవచ్చును. త్రవ్వకమున క్రిందిపొర పాతది, పైపొర క్రొత్తది. ఇది మొదటి సూత్రము. గాదెలో ముందుగా పోసిన గింజ అడుగున నుండునట్లే ఇదియు. రెండవది కర్బనపరీక్ష. జీవించియున్న చెట్టులోను, జంతువులోను ఒక విధమైన కర్బనము కొద్దిగా నుండును. ప్రాణము పోయిన పిదప అది క్రమముగా తరుగుచు, సుమారు 5730 సంవత్సరములకు సగమగును. మిగిలినది ఎంతో కొలిచి, వయస్సును లెక్కింపవచ్చును. ఈ పద్ధతిని కనుగొన్న లిబ్బీ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞునకు 1960లో నోబెలు బహుమానము లభించెను. ఈ లెక్క ప్రకారము మన బూడిదదిబ్బలు నాలుగైదువేల యేండ్ల నాటివని తేలినది.

తరువాత పరిశోధన మరింత సాగెను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చెందిన వి. రామిరెడ్డి అనంతపురము జిల్లాలోని పాలవాయి దిబ్బను త్రవ్వించెను. పూనాలోని దక్కను కళాశాలకు చెందిన కె. పద్దయ్య 1989 ప్రాంతమునుండి కర్ణాటకములోని బూదిహాళు దిబ్బను పలుమారులు త్రవ్వి, దిబ్బచెంతనే జనుల యిండ్లుండెడివనియు, అవి వట్టి దొడ్లు కావనియు, పశుపాలకుల పల్లెలనియు చూపెను. సంగనకల్లు మొదలగు చోట్ల కాలిన గింజలను ఏరి చూడగా ఉలవలు, పెసలు, చిరుధాన్యములు కనబడెను. నేడు మన సీమలో ఎద్దులకు పెట్టు ఉలవలు, మన యింట వండు పెసలు ఆనాటినుండియు ఈ నేలకు చుట్టములే!

మరి పేడను ఏల కాల్చిరి? పశువులకు రోగములు రాకుండుటకని కొందరందురు. పండుగలలో భాగముగా కాల్చిరని మరికొందరందురు. ఆల్చిన్ ఈ రెండవ మార్గమున ఆలోచించి, సంక్రాంతి, హోళీ వంటి పండుగలలో మనము వేయు మంటలను, పశువులకు చేయు పూజను ఆ ప్రాచీన ఆచారముతో పోల్చెను. ఈ చర్చ నేటికిని ముగియలేదు. శాస్త్రమున “ఇంకను వెదకవలెను” అనుట అవమానము కాదు.

అక్షరములు తెలిసినవారి వ్రాతయు మన సీమకు దూరమున లేదు. తుగ్గలి మండలములోని ఎర్రగుడి గుట్టపై క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములు కలవు. 1929 ప్రాంతమున అను ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని లోకమునకు ఎరుకపరచెను. తల్లిదండ్రులను సేవింపుడనియు, గురువులను గౌరవింపుడనియు, ప్రాణులయెడ దయ చూపుడనియు అందలి భావము. ఆ శాసనములలో ఒకచోట కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచుచుండుట వింత. కాడెద్దులు చాలు చివర తిరిగి వచ్చినట్లు ఆ వ్రాత సాగినది! ఆ సీమలోనే తొలకరివానలు పడగానే జనులు వజ్రములకై చేలలో వెదకుదురు. వజ్రము దొరకిన ఒక కుటుంబము బాగుపడవచ్చును. శాసన మొకటి దొరకినచో జాతి యంతటికిని తన పూర్వచరిత్ర తెలియును.

ఇంతటి సంపద నేడు క్షీణించుచున్నది. బూడిద మంచి ఎరువు. కావున రైతులు తరతరములుగా దిబ్బలను త్రవ్వి బండ్లలో చేలకు తోలుకొనిరి. నేడు యంత్రములతో ఒక దిబ్బ కొలదిదినములలోనే మాయమగును. బళ్లారి చెంతనున్న కప్పగల్లు గుట్టపై కొత్తరాతియుగపువారు చెక్కిన ఎద్దుల బొమ్మలును, కొట్టిన గంటవలె మ్రోగు నల్లగుండ్లును కలవు. ఆ గుట్టను రాతికై పగులగొట్టుటచే వానికిని ముప్పు వాటిల్లినది. రైతును నిందింపరాదు. చేనికి ఎరువు కావలెను. కూలివానికి కూడు కావలెను. ఆ దిబ్బ విలువ వారికి ఎవరు చెప్పిరి? చెప్పవలసిన చదువరులు ఊరకుండిరి. అట్టి చదువరులలో ఒకప్పుడు నేనును ఒకడను.

బాలబాలికలారా! మీరేమి చేయగలరని సంశయింపవలదు. మీ ఊరి పొలిమేరలో బూడిదదిబ్బ గాని, బొమ్మలు చెక్కిన గుండు గాని, వ్రాతయున్న రాయి గాని కనబడినచో త్రవ్వకుడు, కదల్పకుడు, వానిపై మీ పేరులు గీయకుడు. చోటును గుర్తించి, తేదీ వేసి, పటము గీసి, మీ ఉపాధ్యాయునకు చూపుడు. ఆయన ద్వారా పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. భూమిలో దొరకిన పాతవస్తువు విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878లో చేసిన నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. అన్నింటికంటె ముఖ్యముగా “ఇది ఎక్కడ దొరకినది?” అను ప్రశ్నను మరువకుడు. చోటు తెలిసిన పెంకు మాటలాడును. చోటు తెలియని గొడ్డలి మూగదగును.

నా బల్లమీది ఆ నల్లరాయి నేటికిని నా యొద్దనే కలదు. దానిని చూచినప్పుడెల్ల దాని ఊరు అడుగని నా పొరపాటు జ్ఞప్తికి వచ్చును. మీరు అట్టి పొరపాటు చేయకుందురుగాక!

ప్రశ్నలు

1. బూడిదదిబ్బలనుగూర్చి జనులు చెప్పుకొనెడి కథ యేది? దానిని చూచి నవ్వరాదని రచయిత యేల చెప్పెను?
2. ఉట్నూరు త్రవ్వకమున బయటపడిన విశేషము లేవి? వానివలన ఏమి తెలిసినది?
3. ప్రాచీనవస్తువుల వయస్సును నిర్ణయించు రెండు పద్ధతులను వివరింపుడు.
4. “చోటు తెలియని గొడ్డలి మూగదగును” అను మాటకు భావమేమి?
5. మీ ఊరిలోని పాత గుడి, కోట, శాసనము, గుట్ట వీనిలో నొకదానిని చూచి, పెద్దలనడిగి, దానినిగూర్చి ఒక వ్యాసము వ్రాయుడు.