పెద్ద యంత్రం కంటే ముందు చిన్న మీటరు

చిరంజీవి బుజ్జికి,

కాన్‌బెర్రాలో నువ్వు సొంతంగా తడిసిన ఇళ్లు ఆరబెట్టే పని మొదలుపెడుతున్నావని అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం. బ్రిస్బేన్‌లో నా దగ్గరున్న యంత్రాల జాబితా పంపమన్నావు. పంపడం లేదు, ఏమీ అనుకోకు. ఇక్కడి ఫిబ్రవరికి పనికొచ్చిన సామాను అక్కడి జులైలో నీకు కరెంటు బిల్లు తప్ప ఏమీ మిగల్చదు.

ఎందుకో చెబుతాను. ఇక్కడ వేసవిలో 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున కిలో గాలిలో దాదాపు 19 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అలాంటప్పుడు కిటికీలు తెరిస్తే ఆరడం మాట దేవుడెరుగు, బయటి చెమ్మంతా లోపలికొస్తుంది. అందుకే మేం తలుపులు బిగించి డీహ్యూమిడిఫయర్లు నడుపుతాం. మీ చలికాలంలో 10 డిగ్రీల గాలిలో ఉండేది నాలుగైదు గ్రాములే. ఆ గాలిని లోపలికి తీసుకుని వేడిచేసి, తడి గాలిని బయటికి పంపిస్తుంటే అదే సగం పని చేస్తుంది. మామూలు డీహ్యూమిడిఫయర్ గది 15 డిగ్రీల కంటే చల్లబడితే కాయిల్ మీద మంచు కట్టి, దాన్ని కరిగించుకోవడంతోనే చాలాసేపు గడిపేస్తుంది. చల్లటి ఇంట్లో అయితే హీటరు తోడు పెట్టు, లేదా తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం అద్దెకు తెచ్చుకో.

అట్టపెట్టె మీద లీటర్ల అంకె చూసి మోసపోకు. రోజుకు ఇన్ని లీటర్లు అని పెద్దక్షరాల్లో వేస్తారు, కింద చిన్నక్షరాల్లో 30 డిగ్రీలు, 80 శాతం తేమ అని ఉంటుంది. 27 డిగ్రీలు, 60 శాతం దగ్గర ఎంత తీస్తుందో అడుగు. చాలాసార్లు సగానికి పడిపోతుంది. ఇళ్లు చివరి రోజుల్లో ఆరేది ఆ తక్కువ తేమలోనే.

మనవాళ్ల అనుభవం ఇక్కడ అడ్డొస్తుంది కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మనవాళ్లు బురద ఎత్తిపోసి, నీళ్లు కొట్టి కడిగి, ఫ్యాన్లు తిప్పి ఇళ్లు ఆరబెట్టుకున్నారు. ఇటుక, సిమెంటు గోడలు కాబట్టి చెల్లింది. ఇక్కడి కొత్త ఇళ్ల గోడ లోపల బోలు. జిప్‌రాక్ అనే జిప్సం పలక, వెనక దూది లాంటి ఇన్సులేషన్, మధ్యలో చెక్క ఫ్రేము. పైన రంగు పొడిగా కనిపిస్తుంది, లోపల రెండు రోజుల్లోనే బూజు మొదలవ్వొచ్చు. 2011 జనవరిలో బ్రిస్బేన్ నది 4.46 మీటర్లకు లేచినప్పుడు నేను పనిచేసిన వీధిలో పాత చెక్క ఇళ్లు, గోడలకు రెండు వైపులా గాలి తగిలేవి, ఆరి నిలబడ్డాయి. జిప్‌రాక్ ఇళ్లను ఫ్రేము దాకా విప్పాల్సి వచ్చింది.

అందుకే నీ మొదటి డబ్బు మాయిశ్చర్ మీటరు మీద పెట్టు. పిన్నులు గుచ్చేది ఒకటి, పైన ఆనించేది ఒకటి. ఆనించే రకం లోపల రేకు కానీ మేకు కానీ ఉంటే తప్పు చెబుతుంది, అక్కడ పిన్ను గుచ్చి చూడు. పిన్ను మీటర్లు చాలావరకు డగ్లస్ ఫర్ చెక్కకు సరిచేసి ఉంటాయి. స్పాటెడ్ గమ్ నేల మీద ఆ అంకెను చెట్టు రకాన్ని బట్టి సవరించాలి. అదే ఇంట్లో తడవని గదిలో అదే చెక్కను కొలిచి, ఆ అంకెనే నీ గురిగా పెట్టుకో. నేల అంచులు పైకి లేచాయని తొందరపడి సాండింగ్ చేయనివ్వకు. అలా చేస్తే, చెక్క పూర్తిగా ఆరాక మధ్యలో ఉబ్బు తేలుతుంది.

ఎయిర్ మూవర్లు, అంటే నేలకు గాలి కొట్టే ఫ్యాన్లు, నేల మీద నీటిని ఆవిరి చేస్తాయి, అంతే. ఆ ఆవిరిని బయటికి పంపే దారో, పట్టే యంత్రమో లేకపోతే అది కప్పుకు చేరుతుంది. మురుగునీరు, వరదనీరు వచ్చిన ఇంట్లో ముందు పాడైన సామాను తీసి, కడిగి, శుభ్రం చేశాకే ఫ్యాను పెట్టాలి. లేకపోతే ఆ మురికిని ఇల్లంతా చల్లినట్టే.

ఇంకొకటి, ఇది ఎంతమాత్రం మరవకూడనిది. 1990కి ముందు కట్టిన ఇంట్లో ఆస్‌బెస్టాస్ పరీక్ష చేయించకుండా గోడకు రంధ్రం పెట్టకు, ఫ్యాను తిప్పకు. ఆస్‌బెస్టాస్‌ను దేశమంతా పూర్తిగా నిషేధించింది 2003 చివర్లో. మీ ఊళ్లో మిస్టర్ ఫ్లఫీ అని పిలిచే ఇన్సులేషన్ కంపెనీ పేరు ఇప్పటికే విని ఉంటావు. ఆ కంపెనీవాళ్లు 1968 నుంచి 1979 వరకు వెయ్యికి పైగా ఇళ్ల అటకల్లో వదులు ఆస్‌బెస్టాస్ నింపి వెళ్లారు. 2014లో ప్రభుత్వమే ఆ ఇళ్లు కొని కూల్చడానికి పూనుకుంది. దాని మీద పొరపాటున గాలి కొట్టించావంటే జీవితాంతం దిగులే.

నీళ్లు తగిలిన వైరింగును లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చూశాకే ప్లగ్గు పెట్టు. 10 ఆంపియర్ల సాకెట్టుకు 2300 వాట్లే గరిష్ఠం.

ప్రస్తుతానికి మీటర్లు, తేమ కొలిచే హైగ్రోమీటరు, నాలుగు ఎయిర్ మూవర్లు, ఒక ఎల్‌జీఆర్ డీహ్యూమిడిఫయర్ (తక్కువ తేమలోనూ నీరు తీసేది) చాలు. మిగతావి పని దొరికినప్పుడు అద్దెకు తెచ్చుకో. అప్పు చేసి షెడ్డు నింపకు. మొదటి ఇంటి రీడింగులు, ఏ చెక్కో రాసి వాట్సాప్ చెయ్యి. సవరణ పట్టిక నా దగ్గరుంది, కూర్చుని ఇద్దరం చూద్దాం.

పిన్ని నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
బాబాయి
బ్రిస్బేన్