పెండ్లి వీడియో కాసెట్టులు - డిస్కునకు మార్చుకొను విధానము

గోదావరి డెల్టా గ్రామములలో 1980, 1990 దశకములలో పెండ్లి జరిగినచో ఫొటోలతోపాటు వీడియో తీయించుట ఒక ఆనవాయితీగా నుండెడిది. ఆ కాసెట్టులు నేటికిని అనేకుల యిండ్లలో బీరువా అడుగునను, అటకమీదను పడియున్నవి. వానిలో ఉన్నవారు వధూవరులు మాత్రమే కారు. పందిరిక్రింద కూర్చున్న పెద్దలు, బంతిలో వడ్డించు ఇరుగుపొరుగువారు, నాటి పెంకుటిండ్లు, 1996 నవంబరు 6 నాటి తుపానునకు పూర్వపు కోనసీమ కొబ్బరితోటలు, ఇవన్నియు అందు కలవు. గతించిన తల్లి నడకను, తండ్రి కంఠమును చూపి వినిపింపగల సాధనము ఆ యింట వేరొకటి ఉండకపోవచ్చును.

టేపు అనగా సన్నని పాలియెస్టరు పట్టీపై అయస్కాంత పదార్థపు పూత. ఆ పూతను పట్టియుంచు జిగురు తేమను పీల్చి క్రమముగా చెడును. కాలువలు, చేలు, ముసురు గల మన ప్రాంతమున బూజు కూడ త్వరగా పట్టును. అయితే టేపుకంటె ముందుగా కనుమరుగగుచున్నది దానిని ఆడించు యంత్రము. 1976లో జపానులో వెలువడిన వి.హెచ్.ఎస్. పద్ధతి యంత్రములను చివరివరకు తయారుచేసిన ఫునాయి సంస్థ 2016 జూలైలో ఆ పని మానివేసినది. 2025 నాటికే ఇట్టి యంత్రములు దొరకుట దుర్లభమగునని 2019లో యునెస్కో ఆధ్వర్యమున హెచ్చరిక వెలువడెను. కనుక మంచి స్థితిలోనున్న వి.సి.ఆర్. ఊరిలో ఎవరియింటనైన నున్నచో దానిని పాతసామానులవానికి అమ్మనీయవలదు.

కావలసిన సామగ్రి కొద్దిదే: ఆ వి.సి.ఆర్., ఒక కంప్యూటరు, రెంటిని కలుపు క్యాప్చర్ పరికరము. ఈ పరికరము అగ్గిపెట్టెంత యుండును. పసుపురంగు తీగ బొమ్మను, తెలుపు, ఎరుపు తీగలు ధ్వనిని కొనిపోవును. రెండవ కొన కంప్యూటరు యొక్క యు.ఎస్.బి. రంధ్రమునకు తగిలింపవలెను. మన దేశపు టేపులకు పాల్ పద్ధతి, 720కి 576 బిందువులు, సెకనుకు 25 చట్రములు అను అమరిక సరియైనది. అమెరికానుండి బంధువులు పంపిన కాసెట్టు ఎన్.టి.ఎస్.సి. పద్ధతిది కావచ్చును, దానిని ఆడింపగల యంత్రము వేరుగా చూచుకొనవలెను. మూడుగంటల టేపు ఎక్కుటకు మూడుగంటలే పట్టును. దీనికి దగ్గరదారి లేదు.

టేపును యంత్రమునందుంచుటకు ముందు వెనుక అంచుననున్న చిన్న ప్లాస్టిక్ పలుకును విరిచివేయవలెను. అట్లు చేసినచో పొరపాటున దానిపై వేరొకటి రికార్డు కాదు. పిదప కాసెట్టు కిటికీలోనుండి చుట్టను పరీక్షింపవలెను. తెల్లని పొడివంటి మచ్చలు కనబడినచో అది బూజు. మేము తొలినాళ్లలో ఈ సంగతి ఎరుగక అట్టి కాసెట్టునొకదానిని ఆడించితిమి. యంత్రపు హెడ్డు మురికిపట్టి, తరువాత ఉంచిన మంచి టేపు కూడ గీతలుపడి చెడినది. అది మాది కాదు, పొరుగువారిది. బూజుపట్టినదానిని, వరదనీట తడిసినదానిని పని తెలిసినవారికే ఒప్పగింపవలెను, ఎండలో ఆరబెట్టరాదు. మంచి టేపునైనను ఒకమారు చివరివరకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పి ఆడించుట మేలు.

బొమ్మను ముందుగా కంప్యూటరులో ఫైలుగా దాచి, పిమ్మట డిస్కునకు ఎక్కింపవలెను. 4.7 గిగాబైట్ల డి.వి.డి.లో మంచి నాణ్యతతో సుమారు రెండుగంటల చిత్రము పట్టును. డిస్కుపై కాగితము అంటింపక మెత్తని కలముతో వ్రాసి, ఎండ తగులనిచోట నిలువుగా ఉంచవలెను. అయితే క్రొత్త కంప్యూటరులలో పెక్కింటికి డిస్కు ఆడించు అర యుండుట లేదు. డిస్కుతోపాటు హార్డుడిస్కులో మరియొక ప్రతి ఉంచి, దానిని వేరొక యింట, వీలైనచో వేరొక ఊరిలో భద్రపరుపవలెను. లంకగ్రామములవారికి దీని అవసరము వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క పరికరము కొనుట వృథా. పంచాయతీ కార్యాలయమున ఒక జత సామగ్రి నుంచి, చదువుకొన్న యువకులిద్దరికి పని నేర్పినచో ఊరంతటికి చాలును. కాసెట్టు ఆ యింటివారి సొత్తు. వారు ఎదుట నుండగనే ఎక్కించి, ప్రతిని వారికే యీయవలెను. వారి అనుమతి లేక కార్యాలయమున నకలు ఉంచరాదు. స్టూడియోలవారు పెక్కు పెండ్లి వీడియోలలో అసలు ధ్వనిని తీసివేసి సినిమాపాటలు చేర్చిరి. మంత్రములు, పెద్దల మాటలు అందు వినబడవు. కూర్పు జరుగని మూలకాసెట్టు దొరకినచో దానినే ముందుగా ఎక్కింపవలెను.

బొమ్మలోనివారు ఎవరో యంత్రము చెప్పలేదు. టేపు ఆడుచుండగా ఆ యింటి వృద్ధులను ప్రక్కన కూర్చుండబెట్టి, ఎన్నవ నిమిషమున, ఏ వైపున, ఎవరు ఉన్నారో ఇంటిపేరుతోసహా కాగితముపై వ్రాయించుకొనవలెను. అందుచే వరుస నిర్ణయించునపుడు ఏ కాసెట్టు పాతది అని చూడక, ఎవరియింట పెద్దవారు మిక్కిలి వృద్ధులైయున్నారో వారి కాసెట్టుతో పని మొదలుపెట్టవలెను. పని ముగిసిన పిదప అసలు టేపును పారవేయక వారికే తిరిగి యీయవలెను.