ఖర్చు కేబుల్ మీద తగ్గించండి, ఎర్తు మీద పెట్టండి
హోమ్ థియేటర్: సందేహాలు - సమాధానాలు

కొత్త 4కె టీవీ కొన్నాం. అంగడాయన ఆరు వేల రూపాయల హెచ్‌డీఎంఐ కేబుల్ చూపించి, బంగారు పూత ఉంది, రంగులు ఇంకా బాగా తేలతాయి అంటున్నాడు. టీవీకీ ప్లేయర్‌కూ మధ్య రెండు మీటర్లు కూడా లేదు. తీసుకోమంటారా? (ఒక పాఠకుడు, కడప)

వద్దు. ఈ కేబుల్‌లో పోయేది అంకెలు. అవి సరిగా అందితే బొమ్మ పూర్తిగా వస్తుంది. అందకపోతే తెర మీద తెల్లచుక్కలు మెరుస్తాయి, ఉండుండి నల్లబడుతుంది, లేదా అసలు బొమ్మే రాదు. రంగులు వెలవెలబోతే చూడాల్సింది టీవీ సెట్టింగులు. సినిమాలకు సెకనుకు 18 గిగాబిట్లు మోసే ‘ప్రీమియం హై స్పీడ్’ రకం చాలు. 4కెలో 120 ఫ్రేముల గేములు ఆడేవాళ్లకే 48 గిగాబిట్ల ‘అల్ట్రా హై స్పీడ్’ కావాలి. పెట్టె మీద ‘హెచ్‌డీఎంఐ 2.1’ అని అచ్చేస్తే నమ్మొద్దు; క్యూఆర్ కోడున్న ధ్రువీకరణ లేబుల్ ఉందేమో చూసి, ఫోన్‌తో స్కాన్ చేయండి. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పుగాలి తగిలే విశాఖలో దాని అవసరం ఉందేమో గానీ, కడప ఎండల్లో ఏం తుప్పు?

ఇల్లు కట్టిస్తున్నాం. రాతిగోడలు, కింద బేతంచెర్ల బండలు. ఆంప్లిఫయర్ నుంచి ప్రొజెక్టర్‌కు పన్నెండు మీటర్లు. ఏ కేబుల్ పూడ్చమంటారు? (ఆదోని)

ముందు పైపు పూడ్చండి, కేబుల్ తర్వాత. ఈ కేబుళ్ల ప్రమాణాలు మారుతూనే ఉంటాయి. హెచ్‌డీఎంఐ వచ్చింది 2002లో, 48 గిగాబిట్ల 2.1 వచ్చింది 2017లో. రేపు కేబుల్ మార్చాలంటే రాతిగోడను తొలిచేదెవరు? కేబుల్ తల దూరేంత లావు పైపు వేయించండి. మూలల్లో ఎల్బో పెట్టనివ్వకండి, పైపు నిదానంగా వంగాలి. లోపల లాగుడు తీగ ఒకటి వదిలేయండి. కరెంటు వైర్లకు వేరే పైపు.

ఇంత దూరానికి మామూలు రాగి కేబుల్‌ను నమ్మలేం. ఫైబర్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిశ ఉంటుంది: ‘సోర్స్’ కొస ఆంప్లిఫయర్‌కు, ‘డిస్‌ప్లే’ కొస ప్రొజెక్టర్‌కు. తిరగేస్తే బొమ్మ రాదు. పైపులోకి లాగకముందే నేలమీద పరిచి, తగిలించి, ఒక సినిమా చూసేయండి.

డిష్ వైరు తగిలిస్తే సబ్‌వూఫర్ గుంయ్‌మంటోంది. ఎండాకాలంలో మరీ ఎక్కువ. ఆప్టికల్ కేబుల్ వేస్తే పోతుందా? (కర్నూలు)

చాలావరకు పోవచ్చు. ముందు డిష్ వైరు పీకి చూడండి. రొద ఆగిందంటే మిద్దె మీది డిష్‌కూ ఇంట్లో ప్లగ్గుకూ ఎర్తు తేడా ఉన్నట్టే. ఆ తేడా వల్ల కేబుళ్ల లోహపు తొడుగుల్లో కరెంటు పారుతుంది, అదే మీకు వినిపిస్తోంది. ఆప్టికల్ కేబుల్‌లో పోయేది వెలుగు, లోహం తగలదు కాబట్టి ఆ దారి తెగుతుంది. మామూలు డాల్బీ 5.1 దాకా దాంతో ఇబ్బంది లేదు. అట్మాస్ మాత్రం దాంట్లో రాదు. టీవీ నుంచి దాన్ని పూర్తి నాణ్యతతో వినాలంటే ఈఆర్క్ ఉన్న హెచ్‌డీఎంఐ ఉండాలి.

అసలు అనుమానం నాకు మీ ఎర్తు గుంత మీద. నేల ఎండితే నిరోధం పెరుగుతుంది, మన సీమ నేల ఎండటానికి మే నెల దాకా ఆగదు. గుంతలో ఉప్పు, బొగ్గు ఉన్నాయో లేదో చూడండి, నీళ్లు పోసి తడి నిలపండి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ టెస్టర్ పెట్టించి కొలిపించండి. టీవీ, ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ అన్నీ ఒకే సాకెట్ నుంచి తీసుకోండి. రొద పోతుందని మూడో పిన్ను విరిచేవాళ్లున్నారు. ప్రాణం మీదికి వస్తుంది, ఆ పని చేయకండి. ఉరుములు మొదలైతే డిష్ వైరు కూడా పీకేయండి. పిడుగు పడితే హెచ్‌డీఎంఐ పోర్టులకూ దెబ్బే.

పాత డీవీడీ ప్లేయర్‌కు కోయాక్సియల్ డిజిటల్ కేబుల్ దొరకడం లేదు. (ప్రొద్దుటూరు)

పాత టీవీ వైర్లలో పసుపు పిన్నుది తీసి వాడండి. రెండూ 75 ఓమ్‌ల కేబుళ్లే.