‘అగ్రీ’ అను ఆంగ్ల క్రియాపదము – పుట్టుపూర్వోత్తరములు

మన విద్యార్థులు ఆంగ్లమున వ్రాయునపుడు తరచుగ దొర్లెడి వాక్యమొకటి కలదు: ‘ఐ యామ్ అగ్రీ’. ఉర్దూ మాతృభాషగా గలవారు ఇట్లు వ్రాయుటకు కారణము లేకపోలేదు. ‘మైఁ రాజీ హూఁ’, ‘మైఁ ముత్తఫిఖ్ హూఁ’ అనుచోట రాజీ, ముత్తఫిఖ్ అనునవి విశేషణములు. వానికి ‘హూఁ’ తోడు కావలెను. ఆంగ్లమున ‘అగ్రీ’ స్వయముగ క్రియ. దానికి ‘యామ్’తో పనిలేదు. తెలుగున ‘ఒప్పుకొందును’ అనునదియు క్రియయే గనుక తెలుగువారికి ఈ చిక్కు ఉండరాదు. అయినను వారును ఇట్లే వ్రాయుచున్నారనిన, తోటివారి వాక్యము చెవినబడి వ్రాయుచున్నారు కాబోలు!

ఈ పదము ఆంగ్లమునకు ఫ్రెంచి నుండి వచ్చినది. 14వ శతాబ్దము చివరి భాగమున ఛాసరు కవి తన ‘ట్రాయిలస్ అండ్ క్రిసీడ్’ కావ్యమున దీనిని ‘నచ్చుట’ అను అర్థమున వాడెను. ఫ్రెంచిలో ‘ఆ గ్రే’ అనగా ఇష్టానుసారముగ. ఆ ‘గ్రే’కు మూలము లాటినులోని ‘గ్రాటుస్’, అనగా ప్రియమైనది. గ్రేస్, గ్రాటిట్యూడ్, కంగ్రాచ్యులేట్, గ్రాటిస్ – ఇవి యన్నియు దానికి తోబుట్టువులు. సంస్కృతమున ‘స్తుతించును’ అను అర్థముగల ‘గృణాతి’ని కూడ భాషాశాస్త్రజ్ఞులు దీనికి జ్ఞాతిగ గుర్తించిరి. కావున అగ్రీ యనగా మొదట తలయూపుట కాదు, మనసునకు నచ్చుట. నచ్చినదానికి తలయూపుదుము గనుక ఆ అర్థము తరువాత చేరినది.

ఉర్దూ చదువువారికి ఈ మార్గము క్రొత్తది కాదు. ‘రాజీ’ అను మాట అరబ్బీ ‘రిజా’కు సంబంధించినది, రిజా యనగా తృప్తి, ప్రసన్నత. రాజీ యనగా సంతుష్టుడు, ఆ పిమ్మట సమ్మతించినవాడు. దీనికి పారసీక ‘నామా’ చేరి రాజీనామా యైనది. ఉర్దూలో అది ఉభయులు సమాధానపడి వ్రాసికొను పత్రము. తెలుగున ఉద్యోగమును వదలుకొను పత్రము! ఇంత దూరమెట్లు జరిగినది? పూర్వము దక్షిణ దేశపు రెవిన్యూ వ్యవహారములందు రైతు తన భూమిని ఇష్టపూర్వకముగ విడిచిపెట్టుచు వ్రాసి యిచ్చు పత్రమునకు రాజీనామా యని పేరు. క్రమముగ ఇష్టము మరుగునపడి విడుచుటయే మిగిలినది. ఇక తెలుగు ‘ఒప్పు’ను చూడుడు. ప్రాచీన కావ్యములందు ఒప్పు అనగా సొంపు, తగియుండుట. ఒప్పారుట యనగా శోభిల్లుట. అదియే తప్పునకు ప్రతిపదమైనది, ఒప్పందమునకు మూలమైనది. మూడు వేర్వేరు భాషాకుటుంబముల మాటలు ప్రియము, సొంపు అను చోటులనుండి బయలుదేరి సమ్మతిని చేరుట వింతయే.

వ్యక్తియైనచో ‘విత్’, ప్రతిపాదనయైనచో ‘టు’, విషయమైనచో ‘ఆన్’ అగ్రీ పక్కన చేరునని వ్యాకరణ పుస్తకములు చెప్పును. తినుబండారము ఒంటికి సరిపడుటకు కూడ ‘విత్’నే వాడుదురని మనము మరచుచుందుము. ‘నాకు వంకాయ పడదు’, ‘వారిద్దరికిని పడదు’ అను తెలుగు వాక్యములను ప్రక్కప్రక్కన ఉంచినచో ఇది వెంటనే బోధపడును.

న్యాయశాస్త్రము ఈ మాటను మరింత జాగ్రత్తగ పట్టుకొన్నది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 13వ సెక్షను ప్రకారము ఇరువురు ఒకే విషయమును ఒకే అర్థమున అంగీకరించినపుడే అది సమ్మతి. బలాత్కారము, అనుచిత ప్రాబల్యము, మోసము, తప్పుడు నివేదనము, పొరపాటు – ఈ ఐదింటివలన కలిగిన సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదని 14వ సెక్షను చెప్పుచున్నది. పదము పుట్టిన చోటునకు ఇది మిక్కిలి దగ్గర. మనమో, సెల్‌ఫోను తెరపై చదువకయే ‘ఐ అగ్రీ’ని నొక్కుచున్నాము. వసతిగృహ పత్రమును, విద్యాఋణ పత్రమును, మిత్రుని అప్పునకు హామీ పత్రమును సైతము ఆ వేగముతోనే సంతకము చేయువారు గలరు. చదువలేదన్నంత మాత్రమున సంతకము సాధారణముగ చెల్లకపోదు.

‘ఒకే అర్థమున’ అనుటలోని పట్టు తెలియుటకు 1864 నాటి ఇంగ్లండు వ్యాజ్యమొకటి చాలును. బొంబాయి నుండి ‘పీర్లెస్’ అను ఓడలో లివర్‌పూలునకు వచ్చు 125 బేళ్ల సూరతు పత్తికి బేరము కుదిరినది. ఆ పేరుగల ఓడలు రెండు! ఒకటి అక్టోబరులోను, మరొకటి డిసెంబరులోను బొంబాయి నుండి బయలుదేరినవి. కొన్నవారు మొదటి ఓడ యనుకొనిరి, అమ్మినవారు రెండవది యనుకొనిరి. డిసెంబరు ఓడలోని పత్తిని కొన్నవారు తీసికొనమనిరి. న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పినది.